పిల్లలు నొక్కిన, పొడిచిన స్పీకర్లు: ఏది బాగవుతుంది, ఏది మార్చాలి

మీరు చెప్పినవి నాలుగు దెబ్బలు. మూడేళ్ళ బాబు ఒక టవర్ స్పీకర్లో వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద యూనిట్) మధ్యనున్న బొడిపెను వేలితో లోపలికి తోసేశాడు. అదే పెట్టెలో ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న యూనిట్) గుడ్డ డోమ్ సొట్టపడింది. రెండో టవర్ వూఫర్ కోన్‌కి (ముందుకూ వెనక్కూ ఆడే గరాటు భాగానికి) పెన్సిల్ చిల్లు పడింది. బేస్ పలికే సబ్‌వూఫర్ గాలి గొట్టంలో ఏదో వేశాడు, పాట పెడితే లోపల గలగలమంటోంది. షాపులో మొత్తం సెట్టు మార్చమన్నారు, అంత అవసరమా అని అడిగారు.

అవసరం లేదండి. ఈ నాలుగింట్లో మూడు ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. నాలుగోదైన ట్వీటర్‌కి కూడా చాలావరకు ఆశ ఉంది. అయితే చూడ్డానికి ఘోరంగా ఉన్న దెబ్బ శబ్దానికి పెద్ద నష్టం చేయకపోవచ్చు, పైకి కనపడనిది యూనిట్‌ని చంపేయొచ్చు. అందుకని జిగురు, టేపు తీసే ముందు పరీక్ష చేయాలి. పరీక్ష అయ్యేదాకా ఆ స్పీకర్లు మోగించకండి. వూఫర్ కాయిల్‌కి (కోన్ వెనక అయస్కాంతం సందులో ఆడే తీగచుట్టకి) అటూ ఇటూ అర మిల్లీమీటరు ఖాళీ కూడా ఉండదు. తోపుకి ఏదైనా వంగి కాయిల్ రాసుకుంటుంటే, కొంతసేపటి పాటకే తీగ మీది ఎనామిల్ పూత చెరిగి షార్ట్ కావచ్చు. ఆ షార్ట్ యాంప్లిఫయర్‌ని కూడా పాడుచేయొచ్చు.

ముందు చేయాల్సిన పరీక్షలు

యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లు పెట్టె వెనక నుంచి తీసేయండి. వూఫర్ కోన్ మీద రెండు చేతుల వేళ్ళూ చుట్టూ సమానంగా పెట్టి, 3, 4 మిల్లీమీటర్లు మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా వెళ్ళి మెత్తగా తిరిగొస్తే కాయిల్ బాగానే ఉన్నట్టు. ఒక పక్కనే నొక్కితే మంచి స్పీకరైనా రాసుకుంటుంది, కాబట్టి చేతులు ఎదురెదురుగా ఉండాలి. నొక్కినప్పుడు ఇసుక కాగితం రాపిడిలా గరగర వినిపిస్తే కాయిల్ వంగింది, లేదా గ్యాప్‌లో ఏదో పడింది. కోన్ అసలు కదలకపోతే కాయిల్ ఉబ్బి బిగుసుకుపోయినట్టు. అలాంటిదాన్ని బలంగా తోయొద్దు.

తర్వాత మల్టీమీటర్. 200 ఓముల రేంజిలో పెట్టి, ముందు రెండు ప్రోబులు ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో గుర్తుంచుకోండి. మామూలుగా 0.2 నుంచి 0.5 వస్తుంది, దాన్ని తర్వాతి రీడింగులోంచి తీసేయాలి. 8 ఓముల యూనిట్ మీటర్ మీద 5.5 నుంచి 7 దాకా, 6 ఓములది 4.5 నుంచి 5.5 దాకా, 4 ఓములది 3 నుంచి 3.8 దాకా చూపిస్తుంది. లేబుల్ మీద 8 అని ఉంటే మీటర్ 6 చూపించిందేమిటని కంగారు పడొద్దు. లేబుల్ చెప్పేది ఇంపీడెన్స్ (పాట లాంటి ఏసీ సంకేతానికి ఎదురయ్యే నిరోధం), మీటర్ కొలిచేది తీగ డీసీ నిరోధం మాత్రమే. ‘ఓఎల్’ వస్తే తీగ ఎక్కడో తెగింది. దాదాపు సున్నా వస్తే షార్ట్.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పెట్టె వెనక టెర్మినళ్ళ దగ్గర కొలిస్తే ట్వీటర్ సంగతి తెలియదు. ట్వీటర్‌కి వరసలో కెపాసిటర్ ఉంటుంది, అది డీసీని వెళ్ళనివ్వదు. వెనక రెండు జతల టెర్మినళ్ళుంటే, రెండు జతల్నీ కలిపే మధ్య రేకులు తీసి పై జత కొలిచినప్పుడు ‘ఓఎల్’ రావడం మామూలే. ట్వీటర్ కాలిపోయిందని దాంతో తేల్చేయకండి. ట్వీటర్‌ని విప్పి, వైర్లు ఊడదీసి, అవి తగిలించే దాని ట్యాగుల మీదే నేరుగా కొలవాలి.

వేలి పరీక్ష, మీటర్ పరీక్ష రెండూ నెగ్గితే మూడోది: స్పీకర్ వైర్లు మళ్ళీ తగిలించి, ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ తెచ్చుకుని, ఫోన్‌ని యాంప్లిఫయర్‌కి కలిపి 30, 40 హెర్ట్జ్ టోన్ బాగా తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. శుభ్రమైన గుమ్‌మనే శబ్దం రావాలి. అందులో టిక్కు టిక్కుమనో బర్రుమనో వినిపిస్తే ఏదో తగులుతోంది. ఈ పరీక్ష ట్వీటర్‌కి నేరుగా పెట్టొద్దు. క్రాసోవర్ (పై, కింది స్వరాల్ని విడదీసి ఒక్కో యూనిట్‌కి పంపే సర్క్యూట్) లేకుండా అంత కింది టోన్ ఇస్తే క్షణంలో పాడవుతుంది.

వూఫర్ మధ్య బొడిపె

దాని పేరు డస్ట్ క్యాప్. ముఖ్యమైన పని కాయిల్ గ్యాప్‌లోకి దుమ్ము, ఇనుప రజను పోకుండా చూడడం. కోన్‌తోపాటు కదులుతుంది కానీ వూఫర్ పలికే కింది స్వరాల్లో దాని ఆకారానికి పెద్ద పాత్ర లేదు. కాబట్టి వేలి పరీక్షలో రాపిడి లేకపోతే, సొట్ట అలాగే వదిలేసినా వూఫర్ పలుకు మారదు. బాధ కంటికే. ట్వీటర్ లేని ఒంటి స్పీకర్లో మాత్రం పై స్వరాలు కూడా ఆ క్యాపు నుంచే వస్తాయి, అక్కడ సరిచేయడం తప్పనిసరి.

సరిచేసే పద్ధతి క్యాపు దేనితో చేశారో దాన్ని బట్టి ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్‌దైతే హెయిర్ డ్రయ్యర్‌ని అతి తక్కువ వేడిలో 20 సెంటీమీటర్ల దూరం నుంచి 15, 20 సెకన్లు ఆడించి, సొట్ట మధ్యలో మాస్కింగ్ టేపు ముక్క అంటించి నిటారుగా లాగండి. మధ్యలో పట్టు దొరక్కపోతే సొట్ట అంచు దగ్గర మొదలుపెట్టాలి, అంచు లేస్తే మిగతాది టప్‌మని వచ్చేస్తుంది. కాగితం క్యాపుకి టేపు వాడొద్దు, పై పొర లేచి వస్తుంది. దానికి వ్యాక్యూమ్ క్లీనర్ మంచిది: గొట్టం మూతికి పల్చని నూలు గుడ్డ కట్టి, పవర్ కనిష్ఠానికి తగ్గించి, గొట్టం మీద గాలి వదిలే రంధ్రం ఉంటే తెరిచి, 10 సెంటీమీటర్ల దూరం నుంచి మెల్లగా దగ్గరకు తీసుకురండి. క్యాపు లేవగానే వెనక్కి తీసేయాలి. గొట్టాన్ని కోన్‌కి ఆనించి మూసేశారంటే మొత్తం కోన్ ముందుకు గుంజుకొచ్చి స్పైడర్ (కోన్‌ని వెనకనుంచి మధ్యలో పట్టి ఉంచే మడతల గుడ్డ) చిరుగుతుంది. ఇక్కడ తొందరపడితే బాగుచేయబోయి పాడుచేసుకున్నట్టవుతుంది.

వ్యాక్యూమ్ లేకపోతే సూది. సన్నని సూది కొనను 2 మిల్లీమీటర్లు కొక్కెంలా వంచి, సొట్ట మధ్యలో గుచ్చి, తిప్పి, బయటికి లాగండి. 4, 5 మిల్లీమీటర్లకు మించి లోపలికి పోనివ్వకండి, కింద ఇనుప స్తంభం, దాని చుట్టూ కాయిల్ ఉంటాయి. ఉక్కు సూదిని అయస్కాంతం గట్టిగా గుంజుతుంది, వేళ్ళు బిగించి పట్టుకోండి. లేచాక ఆ చిల్లు మీద అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క ఫెవికాల్ వేస్తే సరి. అల్యూమినియం క్యాపైతే సొట్ట లేచినా మడత గీత ఉండిపోతుంది. దాన్ని పూర్తిగా మాయం చేసే మార్గం లేదు, అలాగే వాడుకోండి.

ఒక జాగ్రత్త: కొన్ని వూఫర్ల మధ్య క్యాపు పుట్టుకతోనే లోపలికి గుంటగా ఉంటుంది. రెండో స్పీకర్‌తో పోల్చి చూడకుండా పని మొదలుపెట్టకండి.

ట్వీటర్ సంగతి వేరు

ఇక్కడ డోమే శబ్దం పుట్టించే భాగం. 25 మిల్లీమీటర్ల ఆ చిన్న గుడ్డ టోపీ ఆకారం మారితే పై స్వరాలు తగ్గుతాయి, ఎడమ కుడి స్పీకర్ల మధ్య పోలిక పోతుంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా ఒక పక్కకు జరిగినట్టు వినిపిస్తుంది. అందుకని వూఫర్ క్యాపుని వదిలేసినట్టు దీన్ని వదలకూడదు.

మీది గుడ్డ డోమ్ అన్నారు, అది అదృష్టం. గుడ్డ వెనక్కి లేస్తుంది. కానీ టేపు ముట్టుకోకండి. చాలా గుడ్డ డోముల మీద జిగటగా ఒక పూత ఉంటుంది, డోమ్ అనవసరంగా అదరకుండా ఆపేది అదే. టేపుతో పాటు అది ఊడొస్తే ఆకారం వచ్చినా శబ్దం గరుకెక్కుతుంది. ముందు వ్యాక్యూమ్ పద్ధతి, పైన చెప్పిన జాగ్రత్తలతోనే. దూరం నుంచి దగ్గరకు, ఒకటి రెండు సెకన్లు, అంతే.

అది పనిచేయకపోతే ట్వీటర్‌ని విప్పి లోపలి నుంచి నెట్టాలి. స్క్రూలు తీసేటప్పుడు గట్టి అట్టముక్కకు స్క్రూ ఉన్నచోట చిల్లు పెట్టి డోమ్ మీద కప్పండి. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని చేతిలోంచి గుంజుకుని నేరుగా డోమ్‌లోకి లాక్కుంటుంది, బిడ్డ చేసిన సొట్ట కన్నా పెద్ద చిల్లు పడుతుంది. ట్వీటర్ బయటికొచ్చాక చూడండి: చాలావాటిలో ముందు ప్లేటుని, డోమ్‌ని కలిపి 3, 4 చిన్న స్క్రూలు అయస్కాంతానికి పట్టి ఉంచుతాయి. ప్లేటు ఏ దిక్కులో ఉందో పెన్నుతో గీత పెట్టుకుని, స్క్రూలు తీసి, డోమ్‌ని నిటారుగా పైకి ఎత్తండి. కిందనుంచి చెవి పుల్ల దూదితో మెల్లగా తోస్తే సొట్ట పోతుంది. గ్యాప్‌లో నల్లటి చిక్కని ద్రవం కనిపిస్తే అది ఫెర్రోఫ్లూయిడ్, కాయిల్‌ని చల్లబరిచేది. తుడిచేయకండి. తిరిగి పెట్టేటప్పుడు గైడ్ పిన్నులుంటే కాయిల్ తనంతట తాను సరిగ్గా కూర్చుంటుంది. పిన్నులు లేకపోతే స్క్రూలు సగం బిగించి, క్రాసోవర్ ద్వారానే పాట అతి తక్కువగా పెట్టి, గరగర లేని చోటికి ప్లేటు జరిపి అప్పుడు పూర్తిగా బిగించాలి.

లోహపు డోములు వేరే జాతి. అల్యూమినియం, టైటానియం డోమ్ ఒకసారి నలిగితే మడత పోదు, డయాఫ్రమ్ (డోమ్, కాయిల్ కలిసిన భాగం) మార్చుకోవడమే. ఖరీదైన కొన్ని స్పీకర్లలో బెరీలియం డోములుంటాయి. అది పగిలితే ముక్కల్ని చేత్తో తాకొద్దు, ఊడ్వొద్దు, మామూలు వ్యాక్యూమ్‌తో లాగొద్దు. బెరీలియం పొడి ఊపిరితిత్తులకు విషం. బిడ్డను ఆ గదిలోంచి తీసుకెళ్ళి, తయారీదారుడి సర్వీస్‌కి ఫోన్ చేసి వాళ్ళు చెప్పినట్టు చేయండి.

డయాఫ్రమ్ కొనాల్సి వస్తే అదే మోడల్‌ది తెప్పించండి, అప్పుడు ఒక్కటి చాలు. దొరక్క వేరే కంపెనీ ట్వీటర్ వేస్తే రెండు స్పీకర్లలోనూ మార్చాలి. ఇంపీడెన్స్, సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో) పాతదానికి దగ్గరగా లేకపోతే క్రాసోవర్ లెక్క తప్పుతుంది.

కోన్‌కి పడ్డ చిల్లు

చిల్లు చిన్నదని వదిలేయొద్దు. కోన్ ముందుకూ వెనక్కూ ఆడుతున్నప్పుడు చిరుగు అంచులు కొట్టుకుని బర్రుమంటాయి, చిరుగు అంచుదాకా పాకుతుంది. మూసిన పెట్టె స్పీకరైతే ఆ కన్నంలోంచి గాలి కూడా బుస్సుమంటుంది.

ముందు కోన్ దేనితో చేశారో తేల్చండి. కాగితం మసకగా, నారగా కనిపిస్తుంది. తడి దూది తాకిస్తే కొద్దిగా చెమ్మ పీలుస్తుంది. పాలీప్రొపిలీన్ నున్నగా ఉంటుంది, నీళ్ళు నిలవవు.

కాగితం కోన్‌కి కావాల్సినవి మూడే: తెల్ల ఫెవికాల్, పల్చని టిష్యూ కాగితం, సన్నని కుంచె. ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి పల్చన చేయండి. వూఫర్‌ని విప్పి బయటికి తీయండి. చిరుగు అంచులు లోపలికి ముడుచుకుని ఉంటే తడి దూదితో కాస్త మెత్తబరిచి, పళ్ళపుల్లతో ఒకదానికొకటి చేర్చండి. కోన్ వెనకవైపు పల్చని జిగురు పూసి, చిల్లు కన్నా అన్ని వైపులా 6, 8 మిల్లీమీటర్లు పెద్దగా చేత్తో చింపిన టిష్యూ ముక్క అంటించండి. కత్తెరతో కోస్తే అంచు గట్టిగా నిలుస్తుంది, చేత్తో చింపితే నారలు కోన్‌లో కలిసిపోతాయి. మీద ఇంకో పూత. మూడు గంటల తర్వాత కాస్త పెద్ద ముక్కతో రెండో పొర. ముందువైపు అతుకు వద్దు, సన్నని పూత చాలు. ఆరాక తెల్లమచ్చ కనిపిస్తే నల్ల ఇండియన్ ఇంక్ అద్దండి. 24 గంటలు ఆరనివ్వాలి. ఆరున్నర అంగుళాల వూఫర్‌లో కదిలే బరువు సుమారు 10 నుంచి 15 గ్రాములు. ఈ అతుకు గ్రాములో చిన్న వంతు కూడా ఉండదు, శబ్దంలో తేడా తెలియదు.

ఫెవిక్విక్ వాడొద్దు. అది కాగితంలోకి పాకి గాజులా గట్టిపడుతుంది, గట్టిపడ్డ చోటికి మెత్తటి చోటు కలిసే గీత వెంట కోన్ మళ్ళీ చిరుగుతుంది. ఎమ్‌సీల్ బరువు. సెల్లోటేపు వారానికి ఊడి అదురుతుంది.

పాలీప్రొపిలీన్ మీద ఫెవికాల్ అసలు నిలవదు, ఆరాక పొరలా ఊడొస్తుంది. 400 నంబరు ఎమెరీ కాగితంతో వెనకవైపు గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పల్చని నూలుగుడ్డ ముక్కను ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురుతో అతికించాలి. గుడ్డకీ కోన్‌కీ పల్చగా రాసి, 10 నిమిషాలు ఆగి, జిగటెక్కాక అంటించాలి. ఇది కాగితం అతుకంత నమ్మకమైంది కాదు, రెండు అంగుళాల చిరుగైతే యూనిట్ మార్చడమే మేలు.

కోన్ చుట్టూ ఉండే రబ్బరు సరౌండ్‌కి సెంటీమీటరు లోపు కోత పడితే అదే రబ్బరు జిగురు వెనకవైపు రెండు పల్చని పూతలు. ఫోమ్ సరౌండ్ వేలు తగలగానే పొడిగా రాలుతోందంటే తప్పు పిల్లలది కాదు, ఆ ఫోమ్ ఎప్పుడో చచ్చిపోయింది. పాత ఫోమ్ పదిపదిహేనేళ్ళలో పాడవుతుంది, విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఇంకా ముందే. దాన్ని అతకొద్దు, రెండు స్పీకర్లకూ కొత్త ఫోమ్ వేయండి. కొనేటప్పుడు అంగుళాలు చెప్పి తెచ్చుకోకుండా మూడు కొలతలు తీసుకెళ్ళండి: ఫ్రేమ్ లోపలి వ్యాసం, కోన్ బయటి వ్యాసం, ఫోమ్ మడత వెడల్పు. అంటించేముందు డస్ట్ క్యాప్‌ని బ్లేడుతో విప్పి, కాయిల్‌కీ మధ్య ఇనుప స్తంభానికీ మధ్య పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ని సన్నని పట్టీలుగా కోసి నాలుగు దిక్కులా దూర్చాలి. కాయిల్ మధ్యలోనే నిలుస్తుంది. జిగురు ఒక రోజు ఆరాకే పట్టీలు లాగండి.

సబ్‌వూఫర్‌లో గలగల

గొట్టాన్ని కిందికి వంచి ఊపితే వచ్చేస్తుందనుకుంటారు. ఒక్కోసారి వస్తుంది కూడా. కానీ లోపల దూదిలాంటి పాలియెస్టర్ నింపి ఉంటే వస్తువు అందులో చిక్కుకుంటుంది. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు అయస్కాంతానికి అంటుకుంటాయి కనుక వూఫర్ వెనక్కి పోయి అతుక్కుని ఉంటాయి, ఎంత ఊపినా రావు. సబ్‌వూఫర్‌ని కరెంటు ప్లగ్ తీసి కనీసం పావుగంట ఆగాకే విప్పండి. లోపల యాంప్లిఫయర్ ఉంటుంది, పెద్ద కెపాసిటర్లలో ఛార్జ్ నిలుస్తుంది, ఆ బోర్డు మీద చేయి వేయొద్దు.

పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టి, మూలమూలగా స్క్రూలు తీసి, వూఫర్‌ని ఎత్తి మడతపెట్టిన తువ్వాలు మీద బోర్లించండి. గ్యాస్కెట్ అంటుకుని రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి కోన్ వైపు తోయొద్దు, ప్లాస్టిక్ కార్డు ముక్కతో చుట్టూ సడలించండి. వైర్లు పీకేముందు ఫోటో తీసుకోండి. చాలా యూనిట్లలో వెడల్పాటి ట్యాగ్ ప్లస్. తిరగేసి పెడితే సబ్‌వూఫర్ మిగతా స్పీకర్లకు ఎదురు తిరిగి బేస్ పల్చబడుతుంది. మళ్ళీ బిగించేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పి, పాత గాడిలో ‘టక్’మని పడ్డాక చేత్తోనే బిగించండి. చెక్కపొడి బోర్డులో కన్నం వదులైపోయి ఉంటే అగ్గిపుల్ల ముక్కకు ఫెవికాల్ రాసి కన్నంలో కూర్చి, ఆరాక స్క్రూ ఎక్కించాలి.

పాలు, నీళ్ళు పోస్తే: వెంటనే ప్లగ్ పీకి, తడిసిన కాగితం కోన్‌ని తుడవకుండా, ఫ్యాను గాలికి 48 గంటలు వదిలేయండి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. పాలైతే లోపలి బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి, లేకపోతే చీమలు పట్టి తుప్పు మొదలవుతుంది.

వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పేస్తే

ఇది చేత్తో పొడిచిన దెబ్బ కాదు గానీ ట్వీటర్లను ఎక్కువగా చంపేది ఇదే. యాంప్లిఫయర్ శక్తికి మించి లాగితే తరంగం కొసలు తెగుతాయి, ఆ తెగిన కొసల్లోంచి పుట్టే పై స్వరాలన్నీ నేరుగా ట్వీటర్‌కే పోతాయి. కొన్ని వాట్లు మాత్రమే తట్టుకునే వెంట్రుకంత తీగ కాలిపోతుంది. మూగబోయిన ట్వీటర్ పావుగంట తర్వాత తనంతట తాను పలికితే, క్రాసోవర్లో పాలీస్విచ్ (వేడెక్కితే కరెంటు ఆపి, చల్లారాక మళ్ళీ వదిలే రక్షణ భాగం) కాపాడిందన్నమాట. పలకకపోతే విప్పి మీటర్ పెట్టి చూడండి.

వూఫర్ కాయిల్ కాలితే ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన ఎనామిల్ వాసన తెలుస్తుంది. కాయిల్ మార్చే పనివాళ్ళు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్ చుట్టుపక్కల, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతారు. సభలకు వాడే పెద్ద పీఏ వూఫర్లకు రీకోన్ (కొత్త కోన్, కాయిల్ వేయించడం) చక్కగా సరిపోతుంది. హైఫై టవర్ వూఫర్‌కి మాత్రం బజారు కాయిల్, బజారు కోన్ వేయించొద్దు. బరువు, బిగువు మారి జతలో ఒకటి వేరేగా పలుకుతుంది. దానికి తయారీదారుడి యూనిట్ తెప్పించుకోవాలి. 5.1 సెట్లలో నాలుగంగుళాల యూనిట్లకు రీకోన్ ఖర్చే దండగ, కొత్తది కొనండి.

ఇక మళ్ళీ జరగకుండా

పిల్లల్ని కోప్పడి లాభం లేదు. ఆ వయసు బిడ్డకి నున్నటి గుండ్రటి బొడిపె కనిపిస్తే నొక్కాలనే అనిపిస్తుంది. కనపడకుండా, అందకుండా చేయడమే మన పని.

అన్నిటికన్నా ముందు పడిపోకుండా కట్టండి. 15, 20 కిలోల టవర్ బిడ్డ మీద పడితే స్పీకర్ గురించి ఆలోచించే పరిస్థితి ఉండదు. టవర్ల కింద మొనదేలిన స్పైకులు విట్రిఫైడ్ టైల్స్ మీద జారుతాయి. వాటిని తీసి వెడల్పాటి రబ్బరు కాళ్ళు వేయండి. పెట్టె వెనక పైభాగంలో చిన్న ఎల్ క్లాంపు బిగించి, గోడకు 8 మిల్లీమీటర్ల ప్లగ్, 50 మిల్లీమీటర్ల స్క్రూతో ఇంకో క్లాంపు వేసి, రెంటినీ నైలాన్ పట్టీతో కట్టండి. వదులు 2 సెంటీమీటర్లకు మించకూడదు. పెట్టెకి కొట్టే స్క్రూ చెక్క మందం కన్నా పొట్టిగా ఉండాలి, లేకపోతే లోపలికి దిగి గాలి లీకవుతుంది. గోడ హాలో బ్లాకులదైతే మామూలు ప్లగ్ ఊడొస్తుంది, హాలో యాంకర్ అడిగి తెచ్చుకోండి. స్టాండు మీద పెట్టే బుక్‌షెల్ఫ్ స్పీకర్లయితే స్టాండు గొట్టాల్లో ఎండు ఇసుక నింపండి.

గుడ్డ గ్రిల్ దుమ్మునే ఆపుతుంది, వేలిని ఆపదు. చిల్లుల రేకు కావాలి. ఒక మిల్లీమీటరు మందం, 3 మిల్లీమీటర్ల చిల్లులు, సగానికి పైగా ఖాళీ ఉన్న రేకు. వూఫర్ కదలికకు చోటుండాలి కనుక కోన్ అంచుకీ రేకుకీ మధ్య కనీసం 15 మిల్లీమీటర్లు వదలండి, 20 అయితే ఇంకా మంచిది. దీనికొక లెక్కుంది: 7 మిల్లీమీటర్ల లావు పెన్సిల్‌కి చెక్కిన మొన 20 మిల్లీమీటర్ల పొడవుంటే, 3 మిల్లీమీటర్ల చిల్లులోంచి 8, 9 మిల్లీమీటర్లే లోపలికి వెళ్ళి బిగుసుకుంటుంది. కోన్ దాకా చేరదు. అదే 5 మిల్లీమీటర్ల చిల్లులైతే 14 దాకా దిగుతుంది, కోన్ ముందుకొచ్చిన క్షణంలో తగులుతుంది. వడ్రంగి చేత 20 మిల్లీమీటర్ల రీపర్ ఫ్రేము చేయించి, రేకు అంచుల్ని లోపలికి మడిపించి, వెనక చుట్టూ 2 మిల్లీమీటర్ల ఫోమ్ టేపు అంటిస్తే అదరదు. ఫ్రేముని స్క్రూలతో బిగించండి. చిన్న నియోడిమియం అయస్కాంతాలతో అంటించే పద్ధతి పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. అవి ఊడి, రెండు మింగితే పేగుల్ని మధ్యలో పట్టి నొక్కేస్తాయి.

సబ్‌వూఫర్ గొట్టం గోడవైపు తిప్పి, 8, 10 సెంటీమీటర్ల సందు వదలండి. అలా కుదరకపోతే గొట్టంలో ఒక అంగుళం లోపలికి 10 మిల్లీమీటర్ల గళ్ళ ప్లాస్టిక్ జాలీ బిగించండి. దోమతెర గుడ్డ కట్టొద్దు, సన్నని గళ్ళలోంచి గాలి పోయేటప్పుడు బుసకొడుతుంది.

వైర్లు కేసింగ్ పట్టీలో గోడ వెంట పోనివ్వండి. బనానా ప్లగ్గులు వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ 4 మిల్లీమీటర్ల పిన్ను మన 5 ఆంపియర్ల సాకెట్ కన్నంలో దూరుతుంది. స్పీకర్ నుంచి పీకిన ప్లగ్‌ని బిడ్డ షట్టర్ లేని సాకెట్లో పెడితే 230 వోల్టులు. అందుబాటులో ఉన్న చోట బనానా ప్లగ్గులు తీసేసి, తీగనే టెర్మినల్‌లో బిగించండి, పక్క సాకెట్లకు కవర్లు పెట్టండి.

రిసీవర్ మెనూలో వాల్యూమ్ హద్దు పెట్టుకోండి: డెనాన్, మరాంట్జ్ వాటిలో వాల్యూమ్ సెట్టింగుల కింద ‘లిమిట్’, యమహాలో ‘మ్యాక్స్ వాల్యూమ్’. మీరు మామూలుగా వినే అంకె కన్నా కాస్త పైన ఆపితే నాబ్ ఎంత తిప్పినా పెరగదు.

సౌండ్‌బార్ రిమోట్‌లో సీఆర్ 2025, సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ ఉందేమో చూడండి. మూతకి స్క్రూ లేకపోతే గట్టి టేపు చుట్టండి. బిడ్డ దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలడం మొదలవుతుంది. అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మీ విషయంలో ముందు సబ్‌వూఫర్ విప్పి వస్తువు తీసేయండి, ఆ తర్వాత కోన్ అతుకు వేసి ఆరబెట్టండి, అది ఆరేలోగా ట్వీటర్ చూడండి. ట్వీటర్ లేచాక రెండు టవర్లకూ ఒకే పాట మోనోలో పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పుతూ వినండి. సొట్ట తీసినవైపు ‘స’, ‘ష’ అక్షరాలు మొద్దుబారి ఉంటే డోమ్ పూర్తిగా లేవలేదు. రెండో టవర్ కోన్ కాగితమో ప్లాస్టిక్కో మీరు రాయలేదు. అది, ట్వీటర్ ట్యాగుల మీద మీటర్ రీడింగు, పెట్టె వెనక లేబుల్ మీది మోడల్ నంబరు రాస్తే ఏ డయాఫ్రమ్ సరిపోతుందో చూసి చెప్తాను.